ఎర్ర ఆశ్చర్యార్థకం వెనక కథ: అపాచీ కకూన్ ఫారాల స్టైల్‌షీట్ల మీద నా రివ్యూ

"అమ్మాయ్, ఈ ఎర్ర ఆశ్చర్యార్థకం ఏందమ్మా? నేనేం చేశానని నన్ను చూసి అట్టా ఆశ్చర్యపోతంది?"

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూసే బాబాయ్‌గారు 2012 ఎండాకాలంలో నన్నడిగిన మొదటి మాట అది. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. క్వారీ నుంచి దిగిన ప్రతి బ్లాకుకూ నెంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, గ్రాసు, నెట్టు, క్వాలిటీ కంప్యూటర్లో కొట్టాలి. ఏదన్నా ఒక గడి వదిలేస్తే పేజీ సేవ్ కాకుండా మళ్లీ వచ్చి కూర్చునేది, ఆ గడి పక్కన చిన్న ఎర్ర ! గుర్తేసుకుని. దాని మీద నొక్కితే ఒక పెట్టె లేచి తప్పేంటో చెప్పుద్ది. నొక్కాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్లపాటు ఆ గుర్తు కనపడినప్పుడల్లా పాపం ఆయన పేజీ మూసేసి, మొదటి నుంచీ కొట్టుకుంటూ వచ్చారు.

ఆ గుర్తు పెట్టింది అపాచీ కకూన్. అదొక వెబ్ ఫ్రేమ్‌వర్కు. ఖచ్చితంగా చెప్పాలంటే కకూన్ 2.1తో పాటు వచ్చే ఫారాల బ్లాకులోని (కకూన్‌లో ఒక విడి భాగాన్ని బ్లాకు అంటారు, గ్రానైట్ బ్లాకు కాదు) బిల్టిన్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్లు, అంటే ఎక్స్‌ఎంఎల్‌ను వెబ్ పేజీగా మార్చే నియమాల ఫైళ్లు. వాటి మీద మన సొంత స్టైల్‌షీట్లు వేసుకుని బతకడం ఎట్టా ఉంటుందన్నదే ఈ రివ్యూ. ఇంత పాత సరుకుకు ఇప్పుడు రివ్యూ ఏంటని నవ్వకండి. కొత్తగా ఎవరూ కొనుక్కోరు, నిజమే. వాళ్ల తాతలు కట్టించిన ఇంట్లో ఉంటున్నట్టు దీన్ని వారసత్వంగా తెచ్చుకుని, గోడకు మేకు ఎక్కడ కొట్టాలో తెలీక తిప్పలు పడేవాళ్లు ఉన్నారు. నేనూ అట్టా తెచ్చుకున్నదాన్నే. ఒంగోలు లాయర్‌పేటలో ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, నేను, ఒక కుర్రాడు. ఇదీ మా కంపెనీ.

కకూన్ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జావాలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్కు ఇది. తొంభైల చివర్లో స్టెఫానో మాజోకి మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. పనంతా ఎక్స్‌ఎంఎల్ మీద, అంటే ట్యాగుల మధ్య రాసిన డేటా మీద జరుగుద్ది. బాబాయ్‌గారికి నేను చెప్పింది ఇదీ: "మన ఫ్యాక్టరీ లాంటిదే బాబాయ్‌గారూ. ఈ చివర బ్లాకు దిగుద్ది. కోత మిషను పలకలు కోస్తది, తర్వాత పాలిషు, తర్వాత అంచుల కోత, ఆ చివర చెక్కపెట్టెలో ప్యాకింగు. కకూన్‌లో బ్లాకు దించేవాడి పేరు జనరేటర్. మధ్యలో మిషన్లన్నీ ట్రాన్స్‌ఫార్మర్లు. ప్యాకింగు చేసేవాడు సీరియలైజర్. ఏ మిషను తర్వాత ఏ మిషనో రాసిపెట్టిన కాగితం సైట్‌మ్యాప్." ఆయన అంతా విని "మరి మధ్యలో కరెంటు పోతే?" అన్నారు. దానికి నా దగ్గర యూపీఎస్ తప్ప జవాబు లేదు.

ఈ పద్ధతిలో అసలు సుఖం ఏంటంటే, ఒకే ఎక్స్‌ఎంఎల్‌ను ఒక వరసలో నడిపిస్తే వెబ్ పేజీ, ఇంకో వరసలో నడిపించి చివర పీడీఎఫ్ సీరియలైజర్ తగిలిస్తే హార్బరుకు పోయే ప్యాకింగ్ లిస్టు. రెండింటికీ అంకెలు ఒక్కచోట నుంచే వస్తాయి కాబట్టి తేడా పడే ప్రశ్నే లేదు. ఈ ఒక్క కారణానికే ఇన్నేళ్లుగా దీన్ని మార్చలేదు.

ఫారాల సంగతికొద్దాం. ఈ బ్లాకుకు మొదట్లో వుడీ అని పేరుండేది, తర్వాత కకూన్ ఫామ్స్ అయింది. ఏ గడి ఏ రకం, ఏది తప్పనిసరి అన్నది ఒక ఫైల్లో రాస్తాం. పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకో ఫైల్లో. రెండూ కలిశాక పైప్‌లైన్‌లో, అంటే ఆ మిషన్ల వరసలో, ఎఫ్ఐ అనే ప్రిఫిక్స్‌తో ఎలిమెంట్లు (ట్యాగులు) వస్తాయి: ఎఫ్ఐ:ఫీల్డ్, ఎఫ్ఐ:అవుట్‌పుట్, ఎఫ్ఐ:వాలిడేషన్-మెసేజ్ ఇట్టా. వీటిని బ్రౌజరుకు అర్థమయ్యే ఇన్‌పుట్లు, డ్రాప్‌డౌన్లు, బటన్లుగా మార్చేది ఫామ్స్-శాంపిల్స్-స్టైలింగ్ అనే స్టైల్‌షీటు. అది ఫామ్స్-పేజ్-స్టైలింగ్, ఫామ్స్-ఫీల్డ్-స్టైలింగ్ అనే వేరే ఫైళ్లను తనలోకి తెచ్చుకుంటుంది. మొదటిది పేజీ అమరికకు, రెండోది గడులకు.

నా మొదటి ఫిర్యాదు ఆ పేరు మీద. శాంపిల్స్! ఆ మాట చూసిన ఎవడికైనా ఏమనిపిస్తుంది? ఇది నమూనా, దీన్ని కాపీ కొట్టుకుని మనకు కావాల్సినట్టు దిద్దుకోమని అర్థం అనిపిస్తుంది. నాకంటే ముందు ఈ యాప్ రాసిన డెవలపర్‌కూ అట్టాగే అనిపించినట్టుంది. ఎవరో నాకు తెలియదు, తెలిసినా పేరు రాయను. బిల్టిన్ ఫైళ్లలోనే చెయ్యిపెట్టి దిద్దేశాడు. ఎక్కడ దిద్దాడో ఒక్క కామెంటు లేదు. నాకు అప్పజెప్పినప్పుడు ఉన్నది 2.1.9. నేను హుషారుగా ఒక శనివారం సాయంత్రం దాన్ని 2.1.11 చేశా. పాత ఫైళ్ల మీద కొత్త ఫైళ్లు కూర్చున్నాయి. ఆయన దిద్దినవన్నీ గాల్లో కలిశాయి.

రాత్రి తొమ్మిదింటికి ఫోను. పేజీలో ఫ్యాక్టరీ పేరు లేదు, ఘనపు మీటర్ల గడి ఎక్కడికో పోయింది, క్వాలిటీ పక్కన ఉండాల్సిన కొలతల పట్టీ మొత్తం కిందికి జారింది. హార్బరుకు వెళ్లాల్సిన లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. మా ఆయన బండి మీద చీమకుర్తి వెళ్లేసరికి బాబాయ్‌గారు కార్బన్ పేపర్ పెట్టి ప్యాకింగ్ లిస్టు చేత్తో రాస్తున్నారు, చక్కటి గుండ్రటి అక్షరాలు. నన్ను ఒక్క మాట అనలేదు. "టీ తాగుతావా అమ్మాయ్" అన్నారు. ఆ టీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఆదివారం కూర్చుని, ముట్టుకోని 2.1.9 ఫైళ్లు దించుకుని, మా ఫైళ్లతో పక్కపక్కన పెట్టి తేడాలు లాగా. 41 చోట్ల దిద్దుళ్లు. అందులో సగం అవసరం లేనివే. ఇక బిల్టిన్ ఫైళ్లలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదని ఆ రోజు నిర్ణయించుకున్నా. మరి మన మార్పులు ఎక్కడ పెట్టాలి? ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో దానికి రెండు తలుపులున్నాయి, ఇన్‌క్లూడ్, ఇంపోర్ట్. కకూన్ పుణ్యాన మూడో తలుపు ఒకటుంది, దాని సంగతి తర్వాత.

ఇన్‌క్లూడ్ అంటే ఆ ఫైల్లో ఉన్నదంతా మన ఫైల్లోనే రాసినట్టు లెక్క. రెండింటికీ సమాన హోదా. స్టైల్‌షీట్లో ఒక్కో నియమాన్ని టెంప్లేటు అంటారు. అది ఏ ఎలిమెంటుకో చెప్పేది మ్యాచ్, పోటీ పడితే ఏది ముందో చెప్పే అంకె ప్రయారిటీ. ఒకే మ్యాచ్‌తో, ఒకే ప్రయారిటీతో మన టెంప్లేటు ఒకటి, వాళ్లదొకటి ఉంటే గొడవే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 లెక్కన ప్రాసెసర్ దాన్ని తప్పు అని ఆపేయొచ్చు, లేదా వరసలో చివర ఉన్నదాన్ని తీసుకోవచ్చు. నా పేజీ బాగుంటదా లేదా అన్నది ఏది కింద ఉందన్న దాని మీద ఆధారపడకూడదు కదా. కాబట్టి దీన్ని నా సొంత ఫైళ్ల మధ్య వాడుకుంటా, బిల్టిన్‌తో వాడను.

ఇంపోర్ట్ వేరు. మన ఫైలు పైన, తెచ్చుకున్నది కింద. ఎక్కడ పోటీ పడినా మనదే గెలుస్తుంది. ఒకటే నియమం, ఇంపోర్ట్ లైన్లు స్టైల్‌షీట్లో అన్నిటికంటే ముందు ఉండాలి, వాటికి ముందు టెంప్లేటు గానీ వేరియబుల్ గానీ వస్తే ఒప్పుకోదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. జార్ ఫైల్లో, అంటే జావా సరుకంతా కట్టిన మూటలో, దాక్కుని ఉన్న స్టైల్‌షీట్లను కూడా కకూన్ రిసోర్స్ ప్రోటోకాల్‌తో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. వాటిని బయటికి లాగి కాపీ పెట్టుకునే పనే లేదు.

సరే, నా మొదటి సొంత స్టైల్‌షీటు. పైన ఇంపోర్ట్, కింద ఒకే ఒక్క టెంప్లేటు, ఎఫ్ఐ:వాలిడేషన్-మెసేజ్‌కి. బిల్టిన్‌లో అది ఆ ఎర్ర ! లింకుగా, నొక్కితే అలర్ట్ పెట్టెగా మారుతుంది. నేను దాని బదులు సందేశాన్నే గడి పక్కన ఎర్ర అక్షరాల్లో రాయించా. ఏడు లైన్లు. ఒక్కసారికే పనిచేసింది. అల్లూరయ్య మైసూర్‌పాకు అరకేజీ తెప్పించి కుర్రాడికీ నాకూ పంచా. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నాకు లొంగిపోయిందని నమ్మిన రోజు అది.

ఆ నమ్మకం వారం బతికింది.

తర్వాతి కోరిక కూడా చిన్నదే. ప్రతి గడినీ ఒక డివ్‌లో (పేజీలో ఒక పెట్టెలాంటి ట్యాగు) చుట్టి, రంగూ జాగా సీఎస్‌ఎస్‌తో (పేజీ అలంకరణ రాసే ఫైలు) సరిచేద్దామని. మ్యాచ్‌లో ఎఫ్ఐ:* (ఎఫ్ఐ ఎలిమెంటు ఏదైనా సరే అని) రాసి, లోపల డివ్, దానిలో ఒక ఇన్‌పుట్ పెట్టా. నా లెక్క ఏంటంటే, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో అట్టాంటి ప్యాటర్న్‌కి ప్రయారిటీ మైనస్ 0.25. ఎలిమెంటు పేరు పూర్తిగా రాస్తే 0. పక్కన చదరపు బ్రాకెట్లో షరతు పెడితే 0.5. బిల్టిన్‌లో డ్రాప్‌డౌన్‌కీ, పెద్ద టెక్స్ట్ పెట్టెకీ షరతులతో రాసిన టెంప్లేట్లున్నాయి కాబట్టి అవి నా దాన్ని గెలుస్తాయి, మిగిలిన వాటికే నాది పడుద్ది అనుకున్నా. ఎంత తెలివి! పేజీ తెరిస్తే తెల్లటి గడి ఒక్కటే, అంతే. ఫారం మొత్తం ఒక్క గడి అయిపోయింది. ఎందుకంటే ఫారం చుట్టూ ఉండే ఎఫ్ఐ:ఫామ్-టెంప్లేట్ కూడా ఎఫ్ఐ:* కిందికే వస్తుంది, నా టెంప్లేటు దాన్నే ముందు మింగేసి లోపలికి వెళ్లనే లేదు.

సర్లే అని ఎఫ్ఐ:ఫీల్డ్ అని మార్చా. ఈసారి గడులొచ్చాయి. కానీ క్వాలిటీ డ్రాప్‌డౌన్ మామూలు గడైంది, రిమార్కుల పెద్ద పెట్టె మామూలు గడైంది, తేదీకి క్యాలెండర్ లేదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. మూడు రోజులు ప్రయారిటీ అంకెలు మారుస్తూ కూర్చున్నా, మైనస్ 5 దాకా దించా. ఏ మార్పూ లేదు.

చివరికి స్పెసిఫికేషన్ చదివితే, 1999లో వచ్చిన ఆ డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ) పత్రంలో రెండే రెండు వాక్యాల్లో ఉంది సంగతి. ఏ టెంప్లేటు గెలవాలో తేల్చేటప్పుడు ముందు చూసేది ఇంపోర్ట్ హోదా. ఎక్కువ హోదా ఉన్న వాటిని పక్కకు తీసి, మిగతా వాటిని పూర్తిగా వదిలేసి, ఆ తర్వాతే ప్రయారిటీ చూస్తారు. పెళ్లిలో ముందు మగపెళ్లివారిని పంక్తిలో కూర్చోబెట్టినట్టు. వాళ్లలో మూడేళ్ల పిల్లాడున్నా వాడికి వడ్డించాకే ఆడపెళ్లివారి తాతగారికి ఆకు వేస్తారు. నా ఎఫ్ఐ:ఫీల్డ్‌కి మైనస్ ఐదు కాదు, మైనస్ ఐదు వేలు పెట్టినా, కింద ఇంపోర్ట్ అయిన షరతుల టెంప్లేట్లన్నిటి మీదా అదే గెలుస్తుంది.

మందు కూడా అక్కడే దొరికింది, అప్లై-ఇంపోర్ట్స్. నా టెంప్లేట్లో ఇన్‌పుట్ రాసిన లైను పీకేసి, డివ్ లోపల ఆ ఒక్క మాట పెట్టా. "నేను చుట్టేది చుట్టా, ఇక లోపలిది మీ పద్ధతిలో మీరు గీసుకోండి" అని కింది వాళ్లకు అప్పజెప్పడమన్నమాట. డ్రాప్‌డౌన్ డ్రాప్‌డౌన్‌లా, పెద్ద పెట్టె పెద్ద పెట్టెలా తిరిగొచ్చాయి, ప్రతిదాని చుట్టూ నా డివ్‌తో. కకూన్ ఫారాలతో ఎవరన్నా తంటాలు పడుతుంటే నేను చెప్పే మొదటి మాట ఇదే. పూర్తిగా తిరగరాయడం కంటే చుట్టి అప్పజెప్పడం నయం. 1.0లో దీనికో ఇబ్బంది ఉంది, అప్పజెప్పేటప్పుడు పారామీటర్లు పంపడానికి లేదు. 2007లో వచ్చిన 2.0లో ఆ వీలు ఇచ్చారు, నెక్స్ట్-మ్యాచ్ అని ఇంకా మంచిది కూడా పెట్టారు. కకూన్‌లో సాక్సన్ అనే వేరే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్‌ను తగిలించుకుంటే అవి దొరుకుతాయి. నేను తగిలించుకోలేదు. నడిచే బండిని ఎందుకు కెలకాలి?

ఇక హెడ్ కథ. ఫ్యాక్టరీ పేరు, మా సీఎస్‌ఎస్ పెట్టాలని పేజీ హెడ్‌కు (పేజీ టైటిలు, స్క్రిప్టులు ఉండే పై భాగం) నా టెంప్లేటు రాసుకున్నా. క్యాలెండర్ బొమ్మ మళ్లీ మాయం. బిల్టిన్ హెడ్ టెంప్లేటు లోపల ఏం చేస్తుందంటే, అదే హెడ్‌ను ఫామ్స్-పేజ్, ఫామ్స్-ఫీల్డ్ అనే మోడ్‌లలో (ఒకే ఎలిమెంటుకు వేరే పనికి వేరే టెంప్లేటు వాడే ఏర్పాటు) మళ్లీ మళ్లీ పిలుస్తుంది. గడులకు కావాల్సిన జావాస్క్రిప్టులు, సీఎస్‌ఎస్‌లు ఆ పిలుపుల్లోనే పేజీలోకి వస్తాయి. నేను హెడ్‌ను నాది చేసుకుని ఆ పిలుపులు మర్చిపోయా. పెళ్లి మన ఇంట్లోనే, పంతుల్ని పిలవలేదు! ఆ లైన్లు నా టెంప్లేట్లో రాయగానే సర్దుకుంది. నిజానికి ఈ మోడ్‌ల ఏర్పాటు చాలా తెలివైనది. ఎవరి సరంజామా వాళ్లే తెచ్చుకునేట్టు పెట్టారు. కాకపోతే ఫైలు తెరిచి చదివినవాడికే ఆ సంగతి తెలుస్తుంది.

ఏజాక్స్ దగ్గర తిన్న దెబ్బ మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తది. ఫారం టెంప్లేట్లో ఏజాక్స్ ట్రూ అని పెడితే పేజీ మొత్తం మళ్లీ రాకుండా మారిన ముక్క మాత్రమే సర్వర్ నుంచి వస్తుంది. ఆ ముక్క పేజీలో ఎక్కడ అతుక్కోవాలో ఐడీని బట్టి తెలుసుకుంటుంది. బిల్టిన్ టెంప్లేట్లు ప్రతి గడి చుట్టూ ఒక స్పాన్ పెట్టి దానికి ఆ ఐడీ ఇస్తాయి. నేను ఘనపు మీటర్ల గడిని అందంగా, లావు అక్షరాల్లో చూపిద్దామని ఎఫ్ఐ:అవుట్‌పుట్‌ను పూర్తిగా నాదిగా రాసుకున్నా, ఐడీ లేకుండా. కొలతలు మారిస్తే సర్వర్లో లెక్క మారుతుంది, సేవ్ అయ్యేదీ సరైన అంకే, స్క్రీను మీద మాత్రం పాత అంకె కదలదు.

బాబాయ్‌గారు క్యాలిక్యులేటర్ వదిలే మనిషి కాదు. ఫోన్ చేశారు. "అమ్మాయ్, రెండు ఎనభై ఇంటూ ఒకటి అరవై ఇంటూ ఒకటిన్నర, నాకు 6.72 వచ్చింది. నీ కంప్యూటర్ ఇందాకటి బ్లాకు లెక్కే చూపిస్తా ఉంది. ఎవరిది తప్పు?" నాదే బాబాయ్‌గారూ. గ్రానైట్‌కు ధర ఘనపు మీటరు లెక్కన. అందులోనూ ఇది గెలాక్సీ అనే రకం గ్రానైట్. ఆయన అట్టా చేత్తో లెక్క సరిచూసే మనిషి కాకపోతే ఎవరో కొనేవాడికి స్క్రీను చూసి తప్పు అంకె చెప్పి ఉండేవాళ్లు. ఒక్క ఐడీ లేక.

మూడో తలుపు అన్నానే, అది పైప్‌లైన్. ఒకదాన్ని ఇంకోదానిలోకి ఇంపోర్ట్ చేయకుండా, సైట్‌మ్యాప్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మ్ లైన్లు రాసుకోవడం. ముందు నా స్టైల్‌షీటు, ఆ తర్వాత బిల్టిన్. మిషను తర్వాత మిషను. నా దానిలో నాకు కావాల్సిన ఎలిమెంట్లు మార్చి, మిగతావి యథాతథంగా దాటించాలి. ఆ దాటించే టెంప్లేటు, అంటే కాపీ టెంప్లేటు, మర్చిపోతే చూడాలి చోద్యం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి తనదైన బిల్టిన్ నియమాలు కొన్నున్నాయి, ఎలిమెంటుకు టెంప్లేటు లేకపోతే దాన్ని వదిలేసి లోపలికి పోతుంది, టెక్స్టును మాత్రం అట్టాగే దించుతుంది. అంటే ట్యాగులన్నీ ఆవిరై, బ్లాకు నెంబరుపొడవువెడల్పుఎత్తుక్వాలిటీ అని ఒకే వాక్యం మిగులుద్ది. మా కుర్రాడు దాన్ని "కిచిడీ పేజీ" అంటాడు. కిచిడీ కనపడితే కాపీ టెంప్లేటు లేదని అర్థం.

ఈ పద్ధతిని నేను అమరికకు మాత్రమే వాడతా. మెనూ, పక్క పట్టీ, ఫ్యాక్టరీ పేరు ముందు స్టైల్‌షీట్లో, గడుల రూపం ఇంపోర్ట్‌తో. రెండూ కలిపితే ఎక్కడ ఏముందో ఆరు నెలల తర్వాత కూడా నాకు దొరుకుద్ది.

వరస మాటొచ్చింది కాబట్టి తెలుగు సంగతి. కకూన్‌లో ఐ18ఎన్ అని పేజీలో మాటల్ని వేరే భాషలోకి మార్చే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, మెసేజెస్ ఫైలు తెలుగులో రాసుకుంటే పేజీ తెలుగులో వస్తుంది. వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్లో ఫామ్-ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాల్ని పట్టుకునే పద్ధతి) చేయకపోతే మాత్రం రిమార్కుల్లో కొట్టిన తెలుగు పిచ్చిగీతలై తిరిగొస్తుంది, అది ముందే చూసుకోండి. ఈ ఐ18ఎన్‌ను స్టైలింగ్‌కు ముందు పెట్టాలి. నాకంటే ముందున్న ఆయన తర్వాత పెట్టాడు. ఫారాలతో వచ్చే తప్పుల సందేశాలన్నీ ఉత్త "కీ"లు, అంటే అసలు వాక్యానికి బదులు పెట్టిన గుర్తు పేర్లు, జనరల్ డాట్ ఫీల్డ్-రిక్వయర్డ్ లాంటివి. అనువాదం జరగకముందే స్టైల్‌షీటు ఆ కీని తీసుకెళ్లి అలర్ట్‌లో, అంటే ట్యాగు లోపల రాసే ఒక యాట్రిబ్యూట్‌లో ఇరికించేసింది. అక్కడికి ఐ18ఎన్ చెయ్యి అందదు. అంటే బాబాయ్‌గారు ఆ ! మీద నొక్కి ఉన్నా కనపడేది "జనరల్ డాట్ ఫీల్డ్-రిక్వయర్డ్" అన్న ఇంగ్లీషు ముక్కే! ఆ సంగతి తెలిశాక ఆయన నొక్కకపోవడమే మేలైందనిపించింది.

మెచ్చుకోవాల్సినవి కూడా ఉన్నాయి. పేజీ అడ్రసు చివర కకూన్-వ్యూ ఈక్వల్స్ కంటెంట్ అని తగిలిస్తే, స్టైల్‌షీట్ల చేతిలో పడకముందు ఎక్స్‌ఎంఎల్ ఎట్టా ఉందో కళ్లముందు పెడుతుంది. తప్పు డేటాదా, స్టైల్‌షీటుదా అన్నది అర నిమిషంలో తేలిపోద్ది. ఇప్పటి ఫ్రేమ్‌వర్కుల్లో ఇంత తేలిగ్గా చూసే వీలు నాకు కనపడలేదు. ఫ్లోస్క్రిప్టు కూడా అంతే. ఫారం చూపించి, మనిషి నింపేదాకా ఆ లైను మీదే ఆగి, నింపాక తర్వాతి లైనుకు పోయినట్టు జావాస్క్రిప్టులో రాసుకోవచ్చు. వెనక్కి బటన్ నొక్కినా తికమకపడదు.

విసిగించేవి కూడా చెప్పాలిగా. చెక్-ఇన్‌క్లూడ్స్ అని ఒక సెట్టింగుంది, ఇంపోర్ట్ చేసుకున్న ఫైళ్లు మారాయేమో చూడాలా వద్దా అని. మా సర్వర్లో దాన్ని ఎవరో వేగం కోసం ఆపేశారు. నేను లోపలి ఫైలు మార్చడం, పేజీ మారకపోవడం, నన్ను నేను అనుమానించుకోవడం. ఇట్టా ఒక పూట పోయింది, పైన ఉన్న ఫైల్లో ఒక ఖాళీ లైను కొట్టి సేవ్ చేస్తే అంతా మారిపోయింది! దాని తర్వాత డెవలప్‌మెంట్ మిషన్లో దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతా. ఎర్రర్ సందేశాలు కూడా జావా స్టాక్ ట్రేసులతో పొడుగ్గా సముద్రంలా వస్తాయి, మనకు కావాల్సిన లైను నెంబరు ఎక్కడో అడుగున ఉంటది.

2025లో ఇంకో కంగారు. బ్రౌజరులో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేస్తున్నామని క్రోమ్ వాళ్లు ప్రకటించగానే ఫ్యాక్టరీ నుంచి, మా కుర్రాడి స్నేహితుల నుంచి ఒకటే ఫోన్లు, మీ యాప్ పోతుందా అని. పోదు. వాళ్లు తీసేది ఎక్స్‌ఎంఎల్ ఫైలు నేరుగా బ్రౌజరుకు వెళ్లి అక్కడ మారే ఏర్పాటు. కకూన్‌లో మార్పంతా సర్వర్లోనే అయిపోయి, బయటికి వచ్చేది మామూలు హెచ్‌టీఎంఎల్. కోత, పాలిషు ఫ్యాక్టరీలోనే. కొన్నవాడింటికి చేరేది పలకే. మీ యాప్ కకూన్‌దైతే ఈ విషయంలో నిద్రపోవచ్చు.

మార్కులు ఇవ్వమంటే, సైట్‌మ్యాప్‌కు, పైప్‌లైన్‌కు ఐదుకు నాలుగున్నర. బిల్టిన్ స్టైల్‌షీట్లకు మూడు. ఆ మూడు కూడా ఇంపోర్ట్ చేసుకుని వాడేవాళ్లకే. లోపల చెయ్యిపెట్టి దిద్దేవాళ్లకు సున్నా, ఆ సున్నా వాళ్ల తర్వాత వచ్చేవాళ్లు అనుభవిస్తారు. కొత్త పని మొదలుపెట్టేవాళ్లు దీని జోలికి రావద్దు, నేర్చుకున్నవాళ్లు దొరకరు. ఉన్నదాన్ని నడుపుకునేవాళ్లు భయపడి పీకేయాల్సిన అవసరమూ లేదు.

మూడుకు మించి ఎందుకివ్వలేదంటే, కారణం ఒక నక్షత్రం. దర్జీ కుట్టు ఎక్కడ వేశాడో అక్కడే మనం విప్పగలం. ఈ స్టైల్‌షీట్లు రాసినవాళ్లు వాలిడేషన్ సందేశానికి విడిగా కుట్టు వేశారు, అందుకే ఏడు లైన్లలో మార్చుకోగలిగా. గడి తప్పనిసరి అని చెప్పే * గుర్తుకు మాత్రం విడి కుట్టు లేదు. సందేశాన్ని పిలవడం, ఆ నక్షత్రం, సాయం గుర్తు, మూడూ ఒకే టెంప్లేట్లో కలిపి కుట్టేశారు. నక్షత్రం ఒక్కటీ మార్చాలంటే ఆ టెంప్లేటు మొత్తం కాపీ తెచ్చుకోవాలి. కాపీ తెచ్చుకున్న మరుక్షణం నేనూ ఆ పాత డెవలపర్ దారిలోకే వచ్చినట్టు.

సందేశాలు తెలుగులోకి మారిన రోజు బాబాయ్‌గారు కావాలనే పొడవు గడి వదిలేసి సేవ్ నొక్కారు. "ఈ వివరం తప్పకుండా నింపాలి" అని పక్కనే ఎర్రగా వచ్చింది. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. చాలా బాగుందన్నారు. తర్వాత స్క్రీను మీద వేలు పెట్టి ఇంకాస్త దగ్గరికి వంగారు.

"అమ్మాయ్, మరి ఈ నక్షత్రం ఏందమ్మా?"